మామ్‌గీ గిన్నెలో నా పోపు

ముందే చెప్పేస్తున్నా, తప్పు నాదే. కానీ నేను చూసుకునే పెద్దావిడ, నేను పెట్టిన వాళ్ళ ఊరి మాంసం రసం రుచి చూసి, చెంచా పక్కన పెట్టేసి "ఇది కౌల్ కాదు" అన్నప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అది కూడా చెప్పాలి కదా.

నేను యూకేలోని వేల్స్‌లో, కార్మార్థెన్ చుట్టుపక్కల పల్లెల్లో హోమ్ కేరర్‌ని, అంటే ఇళ్ళకెళ్ళి పెద్దవాళ్ళని చూసుకునే పని. ఒక్కో ఇంట్లో 45 నిమిషాలు, మందులు, స్నానం, ఇంత తిండి, మళ్ళీ కారెక్కి ఇంకో ఇల్లు. ఈవిడకి 86 ఏళ్ళు. పేరు పెట్టి పిలవమంటారు, నాకు నోరు రాదు. అందుకే వాళ్ళ మనవళ్ళు పిలిచినట్టే మామ్‌గీ అంటాను, ఈ దక్షిణ వేల్స్ వైపు వెల్ష్ భాషలో నానమ్మయినా అమ్మమ్మయినా మామ్‌గీనే.

మార్చి 1 సెయింట్ డేవిడ్స్ డే, వాళ్ళకి పండగ. ఆ రోజు కౌల్ తినాలనుందని అడిగింది. గొర్రెపిల్ల మాంసం, దుంపలు, లీక్ అనే ఉల్లిజాతి కాడ, ఇవన్నీ నీళ్ళలో నిదానంగా ఉడికించడమే కౌల్. ఒక్కసారి వెళ్ళినప్పుడు ఆ 45 నిమిషాల్లో అయ్యే పని కాదు కాబట్టి ముందురోజు విడతలు విడతలుగా చేశాం. పొద్దున కిలో మెడ ముక్కలు, ఉప్పు, నీళ్ళు స్లో కుక్కర్‌లో వేశాను. మధ్యాహ్నం క్యారెట్, బంగాళాదుంప, స్వీడ్ అనే ఊదారంగు తోలు గడ్డ. సాయంత్రం చివర్లో లీక్. మన ఉల్లికాడకి పెద్దన్నలా ఉంటుంది, పొరపొరకీ మధ్య మట్టి ఉంటుంది, నిలువునా చీల్చి కుళాయి కింద పట్టుకుని కడగాలి. ఆవిడ కుర్చీలోంచే చెబుతోంది, ముక్కలు పెద్దవి కొయ్యి, వేయించొద్దు, మూత తియ్యకు అని.

నాకు మాత్రం మనసు ఒప్పుకోలేదు. ఉల్లిపాయ వేయించకుండా, అల్లం వెల్లుల్లి లేకుండా, కనీసం ఒక లవంగమైనా వేయకుండా మాంసం ఉత్త నీళ్ళలో ఉడకబెట్టడం ఏంటి? నీచు వాసన రాదా? ఆ వయసులో నోటికి అసలే రుచి తెలియదు, ఇంత కమ్మగా పెడితే నాలుగు ముద్దలు ఎక్కువ తింటుంది కదా అనే నా ఆలోచన. అంతకుమించి ఏమీ లేదు, నిజంగా. మర్నాడు ఇంటి నుంచి చిన్న డబ్బాలో అల్లం వెల్లుల్లి ముద్ద, దంచిన మిరియాలు పట్టుకెళ్ళి, ఒక గిన్నెడు కౌల్ విడిగా తీసి, వెన్నలో పోపు పెట్టి అందులో కలిపేశాను.

రెండు చెంచాలు తింది. ఆ తర్వాతే ఆ మాట. కోపంగా కూడా అనలేదు. ఏం తిన్నారో రాసే మా ఆఫీసు యాప్‌లో "కౌల్, రెండు చెంచాలు" అని నేనే రాయాల్సి వచ్చింది.

రాత్రి అమ్మకి ఫోన్ చేస్తే, "పెద్ద ప్రాణానికి రుచిగా పెట్టాలనుకున్నావు, అందులో తప్పేముందే" అంది. నేనూ అదే అనుకుందామని చూశాను. కానీ మాది నెల్లూరు. మా అమ్మ చేపల పులుసులో ఎవరైనా, పాపం మంచి మనసుతోనే, కారం విరుగుతుందని మీగడ కలిపితే? నేను రెండు చెంచాలు కూడా తినేదాన్ని కాదేమో.

మిగిలిన కౌల్ ఫ్రిజ్‌లో అలాగే ఉంది. మరుసటి రోజు గిన్నె తీస్తే పైన కొవ్వు తెల్లగా పలకలా గడ్డకట్టింది. చెంచా అంచుతో ఎత్తితే ఒక్క ముక్కగా వచ్చేసింది, కింద రసం జున్నులా వణుకుతోంది. వెచ్చబెట్టి, చీజ్ ముక్క, బ్రెడ్డు పక్కన పెట్టి ఇచ్చాను. నన్నూ రుచి చూడమంది. నీచు వాసన లేదు. లీక్ కరిగిపోయి, స్వీడ్ తీపి దిగి, ఎముకలోని సారం అంతా నీళ్ళలోకి వచ్చేసింది. ఇలా రెండోసారి వెచ్చబెట్టిన దానికి కౌల్ ఐల్డ్విమ్ అని వాళ్ళకి పేరే ఉందట. మా ఇంట్లో పులుసు కూడా మర్నాడే కదా తినేది, మామిడికాయ ముక్కకి పులుపు పట్టాక. ఆ మాట చెప్పాను. ఆవిడ చిన్నప్పుడు పొలం ఇంట్లో ముందు రసం తాగి, తర్వాత మాంసం, దుంపలు విడిగా తినేవాళ్ళట, చెక్క చెంచాతో, మూతి కాలకుండా. అది చెబుతూ గిన్నె ఖాళీ చేసింది.

అయినా ఒక్క మిరియపు గింజ వేస్తే ఏం పోయిందని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు, దాచను.

నేను బయల్దేరుతుంటే, "కారియాడ్, నీ వంట నీ గిన్నెలో తీసుకురా, తింటాను. నా గిన్నెలో కలపకు" అంది. కారియాడ్ అంటే బంగారం అన్నట్టు. ముందు ఆఫీసులో అడగాలి, వాళ్ళు సరే అంటేనే. శనివారం నాకు సెలవు. ఇక్కడి మాకెరెల్ మన కానాగంతలకి దగ్గరగా ఉంటుంది, చింతపండు ఇంట్లో ఉంది. కారం ఆవిడ కోసం తగ్గించి చేయాలా, అమ్మ చేసినట్టే చేయాలా అని రెండ్రోజులుగా ఆలోచిస్తున్నాను.