బోటు కాదు, బూటు

మా అత్తగారిది ఇంగ్లండ్‌లోని లెస్టర్. పుట్టింది, పెరిగింది, నర్సుగా చేసి రిటైరైంది అక్కడే. నాది తెనాలి దగ్గర పల్లె. మోకాలి ఆపరేషన్ అయ్యి ఆవిడ రెండు నెలలు కుర్చీకే పరిమితమైపోతే, ఊసుపోక మొదలుపెట్టిన పని ఇది, ఆవిడ ముత్తాత గురించి పాత కాగితాల్లో వెతకడం. ఏడాదిన్నర పట్టింది.

"మా ముత్తాత వీట్‌షీఫ్‌లో ఫోర్‌మన్" అని ఆవిడ ఎప్పుడూ చెబుతుంటుంది. వీట్‌షీఫ్ వర్క్స్ అంటే కోఆపరేటివ్ హోల్‌సేల్ సొసైటీ వాళ్లు లెస్టర్‌లోనే నైటన్ ఫీల్డ్స్ అనే చోట 1891లో తెరిచిన బూట్ల ఫ్యాక్టరీ. ప్రపంచంలోకెల్లా పెద్దదని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవారు. ఇప్పుడు అందులో ఫ్లాట్లున్నాయి. ఆ ఫ్యాక్టరీ పాత జీతాల పుస్తకం తిరగేస్తే పేరు దొరుకుతుంది కదా, ఒక్క పూట పని అనుకున్నాను. తర్వాత తెలిసింది, విక్టోరియా కాలం నాటి బూట్ల ఫ్యాక్టరీల జీతాల పుస్తకాలు చాలామటుకు మిగల్లేదని. కంపెనీ వైపు నుంచి పోతే తలుపు మూసే ఉంటుంది. మనిషి వైపు నుంచే పోవాలి.

మనిషి వైపు అంటే మొదట జనాభా లెక్కలు. ఇంగ్లండ్‌లో 1841 నుంచి పదేళ్లకోసారి ఇంటింటి వివరాలు పేర్లతో సహా ఉన్నాయి. డబ్బు కట్టి చూసే ఒక వెబ్‌సైట్‌లో 1881 లెక్కల్లో ఆయన పేరు కొడితే వృత్తి దగ్గర "బోట్ రివెటర్" అని వచ్చింది. పడవలకి మేకులు కొట్టేవాడా! అత్తగారు తెగ సంబరపడిపోయింది, మా వంశంలో ఓడలు కట్టినవాళ్లు కూడా ఉన్నారని. లెస్టర్‌కి సముద్రం ఎంత దూరమో నాకన్నా ఆవిడకే బాగా తెలుసు. అయినా ఆ సాయంత్రమంతా ఓడల కబుర్లే.

మర్నాడు అసలు పేజీ ఫొటో తెరిచి పెద్దది చేసి చూశాను. ఆ మాట మీద నల్లటి పెన్సిల్ గీత అడ్డంగా ఉంది. లండన్‌లో గుమాస్తాలు ఏ వృత్తిలో ఎంతమందో లెక్కేసుకుంటూ పెట్టిన గుర్తు అది. దాని కింద చూస్తే రెండు సున్నాలు పక్కపక్కనే ఉన్నాయి. బోటు కాదు, బూటు. టైపు చేసినవాళ్లకి ఆ గీత వల్ల రెండో సున్నా "ఎ"లా కనబడింది. అప్పటినుంచి టైపు చేసిన మాటను నేను నమ్మలేదు, ప్రతిదానికీ ఫొటో తెరవాల్సిందే.

బూట్ రివెటర్ అంటే ఏంటో తెలుసుకున్నాక అసలు ఆసక్తి మొదలైంది. "మావాళ్లు బూట్లు చేసేవాళ్లు" అంటారు గానీ, ఫ్యాక్టరీలో బూటు మొత్తం చేసేవాడంటూ ఎవడూ ఉండడు. పైతోలు కత్తిరించేవాడు క్లికర్. కత్తి తోలు మీద ఆడేటప్పుడు వచ్చే టిక్కుటిక్కు చప్పుడే ఆ పేరు. ఆ ముక్కల్ని కుట్టేది ఎక్కువగా ఆడవాళ్లు. అంచులు కోసి, నలుపు పూసి, వేడి ఇనుముతో మెరుపు తెచ్చేవాడు ఫినిషర్. మధ్యలో మా రివెటర్. పైతోలును ఇనప అడుగున్న అచ్చు మీదికి లాగి, సోల్ పెట్టి, దాని గుండా చిన్న చిన్న మేకులు దిగ్గొట్టాలి. మేకు కొన ఇనుముకి తగిలి లోపల వంగి బిగుసుకుంటుంది. రెండో చెయ్యి ఖాళీగా ఉండదు కాబట్టి మేకులు నోట్లో పోసుకునేవారు. నాలుకతో ఒక్కొక్కటే ముందుకు తోసి, వేళ్లతో అందుకుని, కొట్టడం. ఈ పద్ధతికి 1853లో పేటెంట్ తీసుకున్న థామస్ క్రిక్ లెస్టర్ మనిషే. చేత్తో కుట్టడం ఏళ్ల తరబడి నేర్చుకోనక్కర్లేకుండా పోయింది. ఊరు ఉబ్బింది. 1851లో అరవై వేలున్న జనాభా 1901కి రెండు లక్షలు దాటింది.

ఇక నా తప్పు. అదే పేరుతో, అదే వయసుతో, అదే పని చేసే ఇంకో మనిషి నాలుగు వీధుల అవతల ఉన్నాడు. గుంటూరులో వెంకటేశ్వర్లు అని పిలిస్తే ఎంతమంది తిరిగి చూస్తారో, లెస్టర్‌లో ఈ పేరు కూడా అంతే. రెండు నెలలు ఆ రెండో ఆయన సంసారమంతా తవ్వాను, సర్టిఫికెట్లకి డబ్బు తగలేశాను. చివరికి పెళ్లి సర్టిఫికెట్ తేల్చింది. అందులో తండ్రి పేరు, తండ్రి వృత్తి కూడా రాస్తారు. అత్తగారి ముత్తాత తండ్రి మేజోళ్ల మగ్గం నేసేవాడు. రెండో ఆయన తండ్రి పాలేరు. మగ్గం అని చూడగానే అత్తగారికి వాళ్ల నాన్న చెప్పిన మాటేదో గుర్తొచ్చింది, సరిపోయింది.

ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. మేజోళ్ల నేతగాళ్ల దరిద్రం అప్పట్లో సామెత. వాళ్ల కొడుకు ఇంకో వీధిలోకి నడిచి తోలుపనిలో చేరిపోయాడు, ఎవరూ ఏమీ అనలేదు. మా ఊళ్లో తోలుపని ఏ వాడదో, ఆ వాడ ఊరికి ఏ పక్కన ఉండేదో నాకు చిన్నప్పుడే తెలుసు. ఈ సంగతి అత్తగారికి వివరించబోయాను. పూర్తిగా అర్థమైందని అనుకోను.

జనాభా లెక్కలు పదేళ్లకోసారే. మధ్యలో ఏం జరిగిందో చెప్పేది పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు. ప్రతిదాంట్లో ఆ రోజుకి తండ్రి ఏ పని చేస్తున్నాడో, ఏ వీధిలో ఉన్నాడో ఉంటుంది. జనన మరణాలు నమోదు చేసే జనరల్ రిజిస్టర్ ఆఫీసు ఇండెక్స్‌లో తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుంది కాబట్టి, ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు, లెస్టర్ అని కొడితే పిల్లలందరూ బయటికొస్తారు. నాకు ఎనిమిదిమంది దొరికారు. ఇళ్లు ఆరు మారారు, అన్నీ నడిచిపోయేంత దూరంలోనే.

ఆయన భార్య సంగతి మాత్రం ఎక్కడా లేదు. 1871లో ఆవిడ పేరు పక్కన వృత్తి గడి ఖాళీ. 1881లో కూడా ఖాళీ. పెళ్లి సర్టిఫికెట్‌లో మాత్రం "షూ మెషినిస్ట్" అని ఉంది, అంటే మిషన్ మీద పైతోళ్లు కుట్టేది. పెళ్లయ్యాక మానేసిందని నేను ఒక్క నిమిషం కూడా నమ్మలేదు. నా అనుమానానికి ఆధారం దినపత్రికలో దొరికింది. పేరుతో వెతికితే చెత్తంతా వస్తోందని, వీధి పేరు, "రివెటర్" కలిపి వెతికాను. 1884లో నాలుగు లైన్ల వార్త: పదకొండేళ్ల కొడుకుని బడికి పంపనందుకు జరిమానా. కుర్రాడు తల్లి కుట్టిన పని ఫ్యాక్టరీకి మోసుకెళ్తున్నాడని తండ్రి చెప్పుకున్నాడట. ప్రభుత్వం లెక్కలో ఖాళీగా ఉన్న ఆ గడి ఇలా కోర్టు వార్తలో నిండింది.

ఫోర్‌మన్ కథ 1891లో కూడా తేలలేదు. ఆ ఏడాది నుంచి యజమానా, పనివాడా అని గుర్తు పెట్టే గళ్లు వచ్చాయి. ఆయనది పనివాడి గడి. ఫోర్‌మన్ అయినా అదే గడి. 1895 మార్చిలో యజమానులంతా కలిసి ఫ్యాక్టరీలకి తాళాలేశారు, యంత్రాల గురించీ రేట్ల గురించీ యూనియన్‌తో తగాదా. ఏప్రిల్‌లో ప్రభుత్వ వాణిజ్య శాఖ, బోర్డ్ ఆఫ్ ట్రేడ్, కూర్చోబెట్టి రాజీ చేసింది. యూనియన్ నెలవారీ రిపోర్టుల్లో ఆయన పేరు దొరుకుతుందని ఆశపడ్డాను, దొరకలేదు. కానీ 1893లో పుట్టిన కూతురి సర్టిఫికెట్‌లో "రివెటర్" అని ఉన్నవాడు 1901 లెక్కల్లో "లాస్టర్" అయ్యాడు. అచ్చు మీదికి తోలు లాగేవాడన్నమాట. సుత్తి పని యంత్రం లాక్కుంది.

మరి వీట్‌షీఫ్? 1921 లెక్కల్లో మొదటిసారి యజమాని పేరు అడిగారు. అది 2022లో బయటపెట్టారు. 1921 నాటికి పెద్దాయన పోయి ఐదేళ్లు. కానీ ఆ బడి ఎగ్గొట్టిన కొడుకు ఉన్నాడు, నలభై ఎనిమిదేళ్లవాడు, యజమాని గడిలో కోఆపరేటివ్ హోల్‌సేల్ సొసైటీ, వీట్‌షీఫ్ వర్క్స్. కొడుకు ఫ్యాక్టరీ తండ్రికి అంటుకుంది. ఫోర్‌మన్ అని మాత్రం అక్కడ కూడా లేదు. అత్తగారు రెండు రోజులు ముభావంగా ఉంది. మూడో రోజు "పోనీలే, కోర్టుకెక్కినవాడు మాత్రం మనవాడేగా" అని నవ్వింది.

1911 కాగితం చివర్లో చూశాం. అంతకుముందు లెక్కలన్నీ ఎన్యూమరేటర్, అంటే ఇంటింటికీ తిరిగే లెక్కల ఉద్యోగి, రాసినవే. 1911లో ఇంటి పెద్ద నింపిన కాగితమే దాచారు. అంటే ఆయన చేతిరాత. అక్షరాలు పెద్దవి, లోతుగా నొక్కి రాసినవి. పెళ్లయి ఎన్నేళ్లు, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పోయారు అనే గళ్లు భార్య పేరు పక్కన నింపాలి. ఆవిడ 1906లోనే పోయింది. ఈయన తన పేరు పక్కనే నింపేశాడు: 36, 9, 5, 4. ఆఫీసులో ఎవరో దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు. రూలు ప్రకారం లెక్కలోకి రాదు కదా. అంకెలు మాత్రం ఎరుపు కింద స్పష్టంగా కనబడుతున్నాయి.

అత్తగారు కళ్లజోడు పైకి తోసుకుని ఆ తొమ్మిది మీద వేలు పెట్టింది. "నువ్వు ఎనిమిదన్నావు" అంది.

నేను మళ్లీ ఇండెక్స్ తెరిచాను.