ఒక ఇంటికి మూడేళ్ళు: ఒంగోలు బస్తీల్లో మా సంఘం పని

మొదటిసారి ఒక ఇంటికి వెళ్ళేటప్పుడు చేతిలో ఏమీ తీసుకెళ్ళం. బియ్యం సంచీ వద్దు, దుప్పటి వద్దు, పండ్లు కూడా వద్దు. ఇచ్చేవాళ్ళు వచ్చారనిపిస్తే ఆ ఇంట్లో అప్పుల లెక్క ఎన్నటికీ నిజంగా బయటికి రాదు. పోతురాజు కాలువ పక్కన, కర్నూలు రోడ్డు లోపలి సందుల్లో అద్దెకుండే కుటుంబాలతో మా క్రైస్తవ సంఘం చేసే పనంతా ఆ లెక్కతోనే మొదలవుతుంది.

ఒక కుటుంబాన్ని తీసుకుంటే మూడేళ్ళు వదలం. మొదటి ఏడాది అప్పులకూ కాగితాలకూ పోతుంది. రెండో ఏడాది సంపాదన మీద పడతాం. మూడో ఏడాది మేం మెల్లగా తప్పుకోవడం. ఏడాదికే ఆపేస్తే అప్పు తీరిన చోటే మళ్ళీ అప్పు మొలుస్తుంది, ఎందుకంటే అప్పు చేయించిన కారణాలు అక్కడే ఉంటాయి: పొగాకు గ్రేడింగ్ కంపెనీ మూసేశాక పని లేని నెలలు, జూన్‌లో బడి ఖర్చు, ఇంట్లో ఒకరి తాగుడు, కాలువ పొంగితే తడిసిపోయే సామాను.

ఒక్కో ఇంటికి ఇద్దరం. ఇద్దరిలో ఒకరు తప్పకుండా ఆడమనిషి. ఒక జట్టుకు రెండు ఇళ్ళకు మించి ఇవ్వం. అదే వీధిలో ఉండేవాళ్ళనూ, ఆ ఇంటి చుట్టాలనూ పంపం. వారానికి ఒకసారి, ముప్పావు గంట. కూలి డబ్బులు చేతికందే శనివారం సాయంత్రమే వెళ్ళడం మంచిది, డబ్బు దారి తప్పేది ఆ పూటే. జట్టువాళ్ళు సొంత డబ్బు పది రూపాయలు కూడా ఇవ్వకూడదు. ఇది మొదట్లో చాలామందికి కఠినంగా తోస్తుంది. కానీ జట్టు చేతి నుంచి డబ్బు వచ్చిందంటే ఆ ఇంటివాళ్ళకు వాళ్ళు అప్పిచ్చేవాళ్ళ వరసలో చేరిపోతారు, నిజం చెప్పడం ఆగిపోతుంది.

నిధి అంతా సంఘం లోపలిదే. గుప్పెడు బియ్యం కానుక మన సంఘాల్లో పాత అలవాటు. అన్నం వండే ముందు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసి ఆదివారం తెస్తారు. ఆ బియ్యం పంచిపెట్టకుండా అమ్మి, ఆ డబ్బు విడి ఖాతాలో వేస్తాం. చెక్కు మీద ఇద్దరి సంతకాలుండాలి. అయ్యగారి (పాస్టరు) సంతకం మాత్రం పెట్టించం. ఆయన దగ్గరికి మనుషులు ప్రార్థన కోసం రావాలి గానీ చెక్కు కోసం కాదు.

ఆరాధనకు రావడం అనేది షరతు కాదు. రానివాళ్ళ ఇళ్ళూ తీసుకుంటాం, ముస్లిం కుటుంబాలూ హిందూ కుటుంబాలూ ఉంటాయి. ఇంటివాళ్ళు అడిగితేనే ప్రార్థన చేస్తాం. ఈ విషయంలో ఒంగోలుకు పాత ఆదర్శం ఉంది. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని చూపించాడు. ఆ పని, ఆ సాయం నడుస్తున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం ఆగిన తర్వాతే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. అన్నాన్నీ విశ్వాసాన్నీ ఒక చేత్తో పంచకూడదని ఆయనకు తెలుసు. మేమూ దాన్నే పట్టుకున్నాం. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మేం సాయపడిన కుటుంబాన్ని ఆదివారం నిలబెట్టి సాక్ష్యం చెప్పించం. వాళ్ళ అప్పు, వాళ్ళ తాగుడు సంఘం అంతటికీ తెలిస్తే మరుసటి వారం ఆ ఇంటి తలుపు మాకు తెరుచుకోదు.

ఇక అప్పులు. మొదటి నాలుగు వారాలు నోటుపుస్తకంలో రాయడమే పని. ఎవరి దగ్గర, ఎంత చేతికొచ్చింది, ఎంతకు రాసిచ్చారు, రోజువారీయా వారమా నెలా, ఇంకా ఎన్ని కట్టాలి, ప్రామిసరీ నోటు ఇచ్చారా, ఖాళీ చెక్కు, ఏటీఎం కార్డు, పట్టా కాగితం ఏమైనా వాళ్ళ దగ్గరుందా. భర్తకు తెలియని అప్పు ఒకటి, భార్యకు తెలియనిది ఒకటి దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. అందుకే మొదట విడివిడిగా రాసి, తర్వాత వాళ్ళ ఒప్పుదలతోనే కలుపుతాం.

డైలీ ఫైనాన్స్ లెక్క ఒకసారి వేసి చూపించాలి. పదివేలకు రాసి తొమ్మిదివేలు చేతిలో పెడతారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. పది శాతమే కదా అనుకుంటారు. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నారు గనక నెలకు నూటికి ఆరున్నర రూపాయల వడ్డీ పడుతుంది. అయిదు రూపాయల వడ్డీకి భయపడే మనిషి దీనికి భయపడడు, వడ్డీ అనే మాటే వినపడదు కాబట్టి.

ఉదాహరణకు నెలకు 18,000 వచ్చే ఇల్లు అనుకుందాం. రెండు డైలీలకు రోజుకు 200, అంటే నెలకు 6,000. మైక్రోఫైనాన్స్ గ్రూపు అప్పుకు వారపు కట్టు 650 చొప్పున 2,600. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 50,000 మీద వడ్డీయే 1,500, అసలు కదలదు. ఇంటద్దె 3,500. మిగిలేది 4,400. దాంతో నెల గడవదు గనక మూడో డైలీ తీసుకుంటారు.

మేం ముందు డైలీలనే మూసేస్తాం. ఒకదానికి 60 రోజులు, ఇంకోదానికి 80 రోజులు మిగిలుంటే మొత్తం 14,000. నిధి నుంచి వడ్డీ లేని చేబదులుగా ఇస్తాం. కానీ ఇంటివాళ్ళ చేతికి కాదు, వాళ్ళతో కలిసి వెళ్ళి అప్పిచ్చినవాళ్ళకే కడతాం. ముందే కడుతున్నాం తగ్గించమని అడగాలి, కొందరు తగ్గిస్తారు. నోటు వెనక చెల్లు రాయించి ఆ నోటూ, ఖాళీ చెక్కూ, కార్డూ వెనక్కి తీసుకోకుండా అక్కణ్ణుంచి కదలకూడదు. ‘రేపు పంపిస్తాం’ అంటే డబ్బు కూడా రేపే. ఇంటివాళ్ళు నిధికి నెలకు 1,400 చొప్పున పది నెలలు తిరిగి కడతారు. అంటే వచ్చే నెల నుంచే వాళ్ళ చేతిలో 4,600 ఎక్కువ ఆడుతుంది. ఆ డబ్బులో 500 జూన్ కోసమని వేరే తీసిపెట్టిస్తాం. ఇది మరిచిపోతే ఆరో నెలలో బడి పుస్తకాల కోసం కొత్త డైలీ తలుపు తడుతుంది. మాకు ఎక్కువసార్లు దెబ్బ తగిలింది ఇక్కడే. ఆ తర్వాత సమర్త ఫంక్షన్లు, చదివింపుల దగ్గర.

వారపు గ్రూపు కట్టు మాత్రం ఆపనివ్వం. ఒకరు ఎగ్గొడితే తోటి ఆడవాళ్ళ మధ్య మాట పోతుంది, అప్పుల చరిత్ర నమోదయ్యే సిబిల్‌లోనూ పడుతుంది. ఆ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా తీసుకోవచ్చు. తీస్తే తాము తీసుకోని అప్పు తమ పేరున కనబడిన సందర్భాలూ ఉంటాయి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి చిన్న అప్పు ఇచ్చేటప్పుడు దాంతో సహా ఆ ఇంటి అప్పుల కట్లన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదు. ఈ రెండు మాటలూ నోటుపుస్తకం మొదటి పేజీలో రాసిపెడతాం. మూడు రూపాయల వడ్డీ అప్పును తీర్చడానికి మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘం బ్యాంకు రుణమే మంచి దారి. ఇంటావిడ సంఘంలో లేకపోతే వార్డు రిసోర్స్ పర్సన్‌ను కలిసి మొదటి ఏడాదే చేర్పించాలి, పొదుపు నడవకుండా రుణం రాదు.

కాగితాల పని విసుగు పుట్టిస్తుంది, కానీ వరస తప్పితే అంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఆధార్ ముందు. పుట్టిన తేదీ మార్పు ఒక్కసారే, పేరు మార్పు రెండుసార్లే ఒప్పుకుంటారు. కనుక జనన ధ్రువపత్రం చేతిలో లేకుండా మీ సేవకో సచివాలయానికో పరిగెత్తకూడదు. పిల్లలకు అయిదేళ్ళకూ పదిహేనేళ్ళకూ వేలిముద్రలు కొత్తగా వేయించాలి. బడి రికార్డులో పేరూ ఆధార్‌లో పేరూ ఒకటి కాకపోతే పదో తరగతి పరీక్ష రాసేవాళ్ళ పేర్ల జాబితా (నామినల్ రోల్స్) వెళ్ళకముందే సరిచేయించాలి, మార్కుల మెమో అచ్చయ్యాక చాలా తిప్పలు. పథకం డబ్బు పడలేదని చెప్పే ఇళ్ళలో చాలాసార్లు డబ్బు పడే ఉంటుంది, ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో. ఆధార్ చివరిగా ఏ బ్యాంకుకు ముడిపడిందో చూస్తే తెలిసిపోతుంది. 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్ష బీమాలు ఏటా మే చివర్లో ఖాతా నుంచి కోతపడతాయి. ఆ వారం ఖాతాలో 500 లేకపోతే ఆగిపోతాయి. మే మూడో శనివారం ప్రతి ఇంట్లోనూ ఇది అడగాల్సిందే. 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులాంటిది వచ్చినప్పుడు కాలువ పక్క ఇళ్ళలో ముందు తడిసేవి కాగితాలు, అందుకే జిప్ కవరులో వేసి గోడకు ఎత్తుగా తగిలించమంటాం.

తాగుడు గురించి సంఘాల్లో ఒక ప్రమాదకరమైన అలవాటు ఉంది, అది పోవాలి. ఉపవాస కూటంలో ప్రార్థన చేసి ‘ఈ రోజుతో మానేశాడు’ అని ప్రకటిస్తారు. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వణుకు, చెమటలు, లేనివి కనబడటం, మతి తప్పడం మొదలై ప్రాణం మీదికి రావచ్చు. దాన్ని దయ్యం పట్టిందని పొరబడి మళ్ళీ ప్రార్థనకే కూర్చోబెడితే మనిషి చేజారతాడు. మాన్పించాలనుకున్న రోజుకు ముందే ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్యులకు చూపించాలి, ఆయన ఇచ్చే మందులూ విటమిన్ బి1తోనే మాన్పించాలి. ఆ వారం రోజులూ ఇంట్లో ఒకరు పక్కనే ఉండాలి, జట్టు రోజూ వెళ్ళాలి. ప్రార్థన మానమని కాదు, మందుతో పాటు చేస్తాం, ఆ తర్వాత నెలల తరబడి చేస్తాం. 14446 ఉచిత సలహా నంబరు గోడ మీద రాస్తాం. మళ్ళీ తాగితే కుటుంబాన్ని వదిలేయం. తండ్రి తాగుడు లెక్క వేరు, పిల్లల లెక్క వేరు.

రెండో ఏడాది సంపాదన విషయంలో కుట్టుమిషన్ పంచడం మానేశాం. ఒక సందులో నాలుగు మిషన్లుంటే నలుగురూ ఒకరి జాకెట్టు ఒకరు కుట్టుకోవాల్సిందే. ఉన్న పనిలోనే కూలి పెంచే చిన్న మెట్టు వెతుకుతాం. ఆటో అద్దెకు నడిపేవాడికి సొంత లైసెన్సు, బ్యాడ్జి. కొత్తపట్నం చేపలు అమ్మే ఆమెకు ఐస్ పెట్టె, వీధి వ్యాపారి గుర్తింపు కార్డు, దాని మీద వీధి వ్యాపారులకు కేంద్రం ఇప్పించే స్వనిధి రుణం. తాపీ పనివాడికి భవన కార్మికుల బోర్డు నమోదు, దానికి ఏడాదిలో 90 రోజుల పని రుజువుండాలి. చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్‌కు వెళ్ళేవాళ్ళకు దుమ్ము మాస్కు, దగ్గు రెండు వారాలు దాటితే ఎక్స్‌రే. ఇంటి పెద్ద ఊపిరితిత్తులు పాడైతే మిగతా లెక్కలన్నీ చెరిగిపోతాయి.

పిల్లల్లో ఎనిమిదో తరగతివాళ్ళ మీద ఎక్కువ కన్నేస్తాం. ప్రభుత్వ బడిలో ఉండి ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకపోతే ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ఉపకార వేతనం పరీక్ష రాయవచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000. నోటిఫికేషన్ వచ్చాక ఆదాయ, కుల పత్రాల కోసం తిరిగితే గడువు దాటుతుంది, వేసవి సెలవుల్లోనే తీసిపెట్టాలి. కుల పత్రం దగ్గర సంఘం నిజం దాచకూడదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీ కుటుంబాలకు ఈ రాష్ట్రంలో ఎస్సీ కాక బీసీ-సీ వర్తిస్తుంది, ఆ తేడా ఏమిటో కుటుంబానికి విడమరిచి చెప్పి నిర్ణయం వాళ్ళకే వదలాలి.

మూడో ఏడాది మొదట్లో వారం వారం వెళ్ళడం పదిహేను రోజులకు ఒకసారి అవుతుంది, చివరి ఆరు నెలలు నెలకోసారి. వెళ్ళని వారాల్లో వాళ్ళు ఏం చేశారన్నదే అసలు పరీక్ష. పన్నెండు నెలలుగా కొత్త డైలీ లేదు, రెండు నెలల ఇంటిఖర్చు ఖాతాలో ఉంది, బీమాలు నడుస్తున్నాయి, పిల్లలెవరూ బడి మానలేదు. ఈ నాలుగూ ఉంటే పని ముగిసినట్టు. ఒకటి తప్పినా ఆరు నెలలు పొడిగిస్తాం, అంతకుమించి కాదు. ఆఖరి శనివారం నోటుపుస్తకం ఇంటావిడకు ఇచ్చేస్తాం. మా దగ్గర దాని నకలు ఉంచుకోం.