పెళ్ళిలో ఏ ఘట్టం ఎవరి పాటది

పెళ్ళికి పాటలు ఎంచుకోవాలని కూర్చున్నవారు పాటల పేర్లకన్నా ముందు ఘట్టాల పేర్లు రాసుకోవాలని, ఒక్కొక్క ఘట్టం ఎదుట అది ఎవరి చేతిలో ఉండాలో కూడా రాసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. కొన్ని ఘట్టాలు సన్నాయి మేళానివి, కొన్ని పురోహితునివి, కొన్ని ఇంటి ఆడవాళ్ళవి, మరికొన్ని డప్పువి. అవన్నీ పంచగా మిగిలిన సమయమే రికార్డు పాటలది. హనుమకొండలో మా చెల్లెలి కూతురి పెళ్ళి కుదిరినప్పుడు పిల్ల ఫోనులో రాసుకున్న జాబితా నాకు చూపించి, "పెద్దమ్మా, ఇందులో ఏవైనా మార్చాలంటే మార్చు" అన్నది. ఎదుర్కోళ్ళ నుంచి అప్పగింతల దాకా ప్రతిదానికీ ఒక సినిమా పాట ఉంది. పాటలు మంచివే. అయితే వాటన్నింటినీ ఆ వరుసలోనే వేస్తే పెళ్ళింట్లో ఒక్క మనిషి గొంతు కూడా వినిపించదన్న సంగతి ఆమెకు వివరంగా చెప్పవలసి వచ్చింది.

ముహూర్తం సంగతి మొదట చెప్తాను. జీలకర్ర బెల్లం పెట్టే క్షణమే సుముహూర్తం, ఆ తరువాత మాంగళ్యధారణ. ఈ రెండు వేళల్లోనూ గట్టిమేళం మోగాలి. ఏ తుమ్మో, ఏ అపశకునపు మాటో వధూవరుల చెవిన పడకూడదనే గట్టిమేళం వాయిస్తారని పెద్దలు చెప్తారు. రికార్డు పాట ఈ పని చేయలేదు. ఎందుకంటే పురోహితుడు చేయి పైకెత్తిన క్షణానికి, అడ్డుతెర దిగిన క్షణానికి మేళగాళ్ళు ఆ చేతిని చూస్తూ అందుకుంటారు. అందువల్ల సన్నాయివారిని మండపానికి పక్కగా, పురోహితుని చేయి కనిపించేచోట కూర్చోబెట్టాలి. చాలా ఫంక్షన్ హాళ్ళలో వాళ్ళకు ద్వారం దగ్గర, చెప్పులు విడిచేచోట కుర్చీలు వేస్తున్నారు. అక్కడినుంచి వాళ్ళకు మండపం కనబడదు, ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి "గట్టిమేళం, గట్టిమేళం" అని అరిస్తేగాని వాయించలేరు.

మా చెల్లెలి కూతురి పెళ్ళిలో సన్నాయి విద్వాంసుని పక్కనే కాసేపు కూర్చునే భాగ్యం నాకు కలిగింది. రెల్లుతో చేసిన చిన్న పీకను ఆయన నోట్లో తడుపుకొని, వాద్యానికి బిగించి, ఒకసారి ఊది చూసి, తీసి, మళ్ళీ తడిపి బిగించాడు. అదనపు పీకలు, వాటిని సరిచేసుకునే సన్నని సూది దారంతో వాద్యానికే కట్టి వేలాడుతున్నాయి. డోలు వాయించే యువకుడు కుడిచేతి వేళ్ళకు గట్టి తొడుగులు ఎక్కించుకొని, ఎడమచేతిలో పుల్ల పట్టుకున్నాడు. ఈ రెండూ ఆరుబయట ఊరేగింపులకు పుట్టిన వాద్యాలు, కాబట్టి వాటికి మైకు పెట్టవలసిన పని లేదు. మైకు పెడితే హాలంతా దద్దరిల్లి పెళ్ళివారే చెవులు మూసుకుంటారు. రాగాల విషయంలో నా కోరిక ఒకటే చెప్పాను. మాంగళ్యధారణకు ఆనందభైరవి, చివర మంగళానికి మధ్యమావతి గాని సురటి గాని వాయించమన్నాను. మిగిలినదంతా ఆయనకే వదిలేశాను. ఉదయపు ముహూర్తం కనుక బిలహరితో మొదలుపెట్టాడు, ఆ ఎంపిక నాకు ఎంతో నచ్చింది.

మంత్రాలు చదివేటప్పుడు మాత్రం ఏ సంగీతమూ ఉండకూడదు. కన్యాదాన సంకల్పంలో రెండు వంశాల గోత్రాలు, మూడు తరాల పేర్లు చదువుతారు. కీర్తిశేషుడైన తాత పేరు వినడానికి ఇంట్లో పెద్దవాళ్ళు చెవులు రిక్కించుకొని కూర్చుంటారు. ఒక దగ్గరి బంధువుల పెళ్ళిలో వీడియో తీసేవారు సరిగ్గా ఆ సమయంలోనే స్పీకర్లలో వాద్యసంగీతం పెట్టించారు. కూతురిని ధారపోసిన తండ్రికే తన తండ్రి పేరు వినపడలేదు. అది చూసినప్పటినుంచి ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. సౌండు చూసుకునే మనిషికి ఏ ఘట్టంలో పూర్తిగా ఆపేయాలో కాగితంమీద రాసి ముందే ఇవ్వాలి.

తలంబ్రాల వేళకు ఈ పట్టింపు అక్కరలేదు. నవ్వులు, కేకలు, పోటీలు ఉండే ఘట్టం కనుక పాట ఎంత హుషారుగా ఉన్నా చెల్లుతుంది. అన్నమయ్య తలంబ్రాల పెళ్ళికూతురిమీద రాసిన పదాన్ని, త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లోని సీతాకల్యాణ కీర్తనను సన్నాయిమీద వింటే పాత తరం వెంటనే గుర్తుపట్టి గొంతు కలుపుతుంది. భద్రాచల రాముని కల్యాణాన్ని తమ ఇంటి పెళ్ళిలా తలచుకొనే మన ప్రాంతంలో సీతారాముల పేరు లేని పెళ్ళిపాటలు చాలా తక్కువ.

నాకు అన్నింటికన్నా ముఖ్యమైనది ఆడవాళ్ళ పాటల సంగతి. పసుపు దంచేటప్పుడు, నలుగు పెట్టేటప్పుడు, ఐరేని కుండలు, అంటే పెళ్ళికి పూజించే మట్టికుండలు, తెచ్చేటప్పుడు, హారతి ఇచ్చేటప్పుడు, అప్పగింతలప్పుడు, ఇలా ప్రతి సందర్భానికీ వాళ్ళకు పాట ఉంది. పాలకుర్తికి చెందిన ప్రాచీన కవి పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో తుమ్మెద పదాలను, వెన్నెల పదాలను, గొబ్బి పదాలను, నివాళి పదాలను పేర్కొన్నాడంటే ఈ నేలమీద పాట ఎంత పాతదో తెలుస్తుంది. అటువంటి పాటలు వచ్చినవాళ్ళు ఇంటికి ఒకరిద్దరే మిగిలారు. నలుగు రోజున స్పీకరు పెడితే వాళ్ళు మర్యాదగా నోరు మూసుకొని కూర్చుంటారు, అడిగితేగాని పాడరు. మా మేనత్తను అడిగితే, "మైకు పక్కకు పెట్టుండ్రి బిడ్డా, మైకుల పాడితే నా గొంతు నాకే కొత్తగ ఇనవడ్తది" అన్నది. స్పీకర్లు ఆపించాము. ఆమె ఒక చరణం మరిచిపోయి ఆగితే, వంటింట్లోంచి మరొకామె ఆ చరణం అందుకొని చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నది. ఆ తరువాత వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు మొదలైతే ఆపేవాళ్ళే లేకపోయారు. పెళ్ళికి నెల ముందే ఇంట్లో పిల్లల్లో ఒకరు పెద్దవాళ్ళ దగ్గర కూర్చొని ఈ పాటలు రాసుకోవాలని, ఫోనులో రికార్డు చేసుకోవాలని నేను అందరినీ వేడుకుంటున్నాను.

రిసెప్షన్ వేరే లెక్క. మంచిర్యాల నుంచి, కరీంనగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చిన చుట్టాలు ఏళ్ళ తరువాత ఒకరినొకరు చూసుకునేది అక్కడే, కాబట్టి అక్కడి సంగీతం మాటలకు దారి ఇవ్వాలి. వేదిక దగ్గర రెండు పెద్ద స్పీకర్లు పెట్టే బదులు హాలు పొడవునా చిన్న స్పీకర్లు అక్కడక్కడా పెట్టిస్తే ముందువరుసలోని వృద్ధులకు బాధ ఉండదు, వెనుకవారికీ వినిపిస్తుంది. జనం నిండేకొద్దీ మాటల సందడి పెరుగుతుంది, అది మించాలని ఆపరేటరు శబ్దం పెంచుతాడు, దాన్ని మించాలని మనుషులు ఇంకా గట్టిగా మాట్లాడతారు. కనుక శబ్దం పెంచే అధికారం ఇంట్లో ఒక్కరికే ఉండాలి. వేణువు, వీణ, వయొలిన్ వంటి వాద్యాలమీద పాత పాటల బాణీలు రిసెప్షన్‌కు ఎంతో అందంగా ఉంటాయి. ఈ మధ్య కొందరు పేరిణి శివతాండవ నృత్యం పెట్టిస్తున్నారు. కాకతీయుల కాలంనాటి జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం 'నృత్త రత్నావళి'ని, రామప్ప గుడి శిల్పాలను ఆధారం చేసుకొని నటరాజ రామకృష్ణ పునరుద్ధరించిన నృత్యం అది. దాన్ని పెట్టదలచినవారు భోజనాలు మొదలుకాకముందే, అతిథులు కూర్చొని చూసే వేళలో పెట్టాలి. పళ్ళేలు చేత పట్టుకొని తిరిగే జనం మధ్య శివతాండవం ఆడించడం నాకు మనసొప్పదు.

పాటలకు రాయల్టీ కట్టాలేమోనని కొందరు భయపడుతుంటారు. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ పెళ్ళి ఊరేగింపుకు, పెళ్ళికి సంబంధించిన వేడుకలకు మినహాయింపు ఇచ్చింది. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది.

ఇక బరాత్, అంటే పెళ్ళి ఊరేగింపు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడుస్పీకర్లు వాడకూడదు. ఆస్పత్రుల చుట్టూ నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించినచోట, కనీసం 100 మీటర్ల మేర, ఎప్పుడైనా నిశ్శబ్దం పాటించాలి. అందువల్ల బరాత్‌ను పెందలాడే బయలుదేరదీసి, డీజే బండికి బదులు డప్పు పెట్టుకోవాలని నా సలహా. గడ్డిమంటమీద డప్పు కాచి, వేలితో తట్టి చూసి, సిర్ర, సిటికెన పుల్ల అనే రెండు వాయించే పుల్లలు చేతబట్టి దరువు మొదలుపెడితే అడుగు వేయనివారుండరు. పెళ్ళికొడుకు నానమ్మ కూడా డప్పు ముందు నాలుగడుగులు వేయగలదు, డీజే బండి దగ్గరికి ఆమె రాలేదు. డప్పు కళాకారులతో డబ్బు మాట ముందే తేల్చుకొని సగం బయానాగా ఇవ్వాలి, మిగిలినది దరువు ఆగిన వెంటనే చేతిలో పెట్టాలి. వాళ్ళ భోజనం హాలు వెనుక పార్శిళ్ళలో కాక, చుట్టాలతోపాటు బంతిలో వడ్డించాలి. మా పిల్ల పెళ్ళిలో ఆ బంతికి నేనే దగ్గరుండి వడ్డించాను.