రోడ్డు పనిలో మొదటి ఏడాది: మన సివిల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

మన అనంతపురం జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ చదివినవాళ్లెవరూ ట్రాన్స్‌పోర్టేషన్ ల్యాబును మరిచిపోరు. తారు మిక్స్ నమూనాను దట్టించే మార్షల్ సుత్తి 4.54 కిలోలు, 457 మి.మీ. ఎత్తు నుంచి ఒక్కో ముఖానికి 75 దెబ్బలు. ఒకరు కొడితే ఒకరు లెక్కపెట్టేవారు, మిగిలినవాళ్లు పక్క బ్యాచ్ రికార్డు చూసి రీడింగులు ఎక్కించేవారు. 1946లో మొదలైన కాలేజీ ఇది. ఆ సుత్తి శబ్దం వినని సివిల్ బ్యాచ్ ఉండదేమో. హాస్టల్, క్యాంటీన్ సంగతులు ఈ సంచికలో మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. హైవే పనుల్లో ఇంటర్న్‌గానో, అప్రెంటిస్‌గానో, ట్రైనీగానో చేరబోయేవాళ్లకు అక్కరకొచ్చే సంగతులు నేను రాస్తాను.

ఎక్కడ చేరినా ఒకటి పట్టుబట్టి అడగండి: ఒక చైనేజీలో (రోడ్డు మొదటి నుంచి కొలిచిన దూరం) ఒక పొర మొదలైనప్పటి నుంచి దాని బిల్లు అయ్యేదాకా వెంట ఉండనివ్వమని. నెలకొక డిపార్ట్‌మెంటు తిప్పి చూపించే ట్రైనింగ్ కాగితం మీద బాగుంటుంది గానీ, అర కిలోమీటరు సబ్‌గ్రేడ్‌ను (రోడ్డు పొరల కింద గట్టిపరిచిన మట్టి పొర) పెగ్గు కొట్టడం నుంచి కొలతల దాకా చూసినవాడికే పని అర్థమవుతుంది. దానికి దూరం వెళ్లక్కర్లేదు. అనంతపురం పక్క నుంచే ఎన్‌హెచ్-44 పోతుంది. కర్నూలు, నంద్యాల, కడప మీదుగా ఎన్‌హెచ్-40, గుత్తి, తాడిపత్రి, మైదుకూరు, బద్వేలు మీదుగా ఎన్‌హెచ్-67, కదిరి వైపు ఎన్‌హెచ్-42 ఉన్నాయి. ఎక్కడో ఒకచోట ఏదో ఒక పొర పడుతూనే ఉంటుంది.

దారులు మూడు. మొదటిది చదువులోనే ఉంది: ఆర్20 (2020లో వచ్చిన సిలబస్) రెగ్యులేషన్లలో రెండో ఏడాది, మూడో ఏడాది తరవాత వేసవి ఇంటర్న్‌షిప్‌లు, చివరి సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్‌తో పాటు ప్రాజెక్టు ఉన్నాయి. రెండోది 1961 అప్రెంటిస్ చట్టం కింద ఒక ఏడాది శిక్షణ, అందరూ నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) అనేది. దక్షిణాదికి దీన్ని చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ బోర్డు చూస్తుంది. 2019 నిబంధనలు కనీస స్టైపెండ్‌ను డిగ్రీవాళ్లకు నెలకు 9,000, డిప్లొమావాళ్లకు 8,000 రూపాయలుగా పెట్టాయి. ఆ కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. 30 మంది, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థ ఏదైనా అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. కాంట్రాక్టు సిబ్బందిని కూడా కలిపి మొత్తం బలంలో 2.5 నుంచి 15 శాతం వరకు. ఈ సంగతి చాలా సైట్ ఆఫీసుల్లో తెలియదు, తెలిసినా ఎత్తరు. మూడోది పెద్ద కాంట్రాక్టర్లు తీసుకునే గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీ ఉద్యోగం. జీతం దీంట్లోనే ఎక్కువ, పని గంటలూ దీంట్లోనే ఎక్కువ.

సైట్‌లో మొదట చేతికిచ్చేది ఆటో లెవెల్, ఎత్తుల తేడాలు కొలిచే దుర్భిణి పరికరం. సర్వే క్యాంపులో చేశాం కదా అనుకుంటారు. అక్కడ తప్పొస్తే మార్కులు పోయేవి, ఇక్కడ తారు పోతుంది. ఉదాహరణకు టీబీఎం (ఎత్తు తెలిసిన తాత్కాలిక గుర్తు) 352.460 మీటర్లు, దాని మీద నిలబెట్టిన స్టాఫ్‌లో (కొలత కర్ర) బ్యాక్‌సైట్, అంటే మొదటి రీడింగ్, 1.235 అనుకోండి. పరికరం ఎత్తు 353.695. సెంటర్‌లైన్ దగ్గర డిజైన్ లెవెల్ 352.180 అయితే స్టాఫ్ మీద 1.515 కనపడాలి. 2.5 శాతం క్యాంబర్‌కు (రోడ్డు మధ్య నుంచి అంచుకు ఇచ్చే వాలు) 3.5 మీటర్ల అవతల అంచు 87.5 మి.మీ. దిగువన ఉంటుంది కాబట్టి అక్కడ 1.602 లేదా 1.603. ఈ లెక్కలు లెవెల్ షీట్‌లో ముందు రోజు రాత్రే వేసుకొని వెళ్లాలి. మట్టిని చదును చేసే గ్రేడర్ నడుస్తుండగా క్యాలిక్యులేటర్ తీస్తే ఆపరేటర్ ఆగడు.

తప్పులు పరికరంలో కన్నా దాని చుట్టూ ఎక్కువ. టీబీఎంను కిలోమీటరు రాయి మీద పెడితే ఏదో ఒక టిప్పర్ దాన్ని తగులుతుంది. కల్వర్టు హెడ్‌వాల్ మీద పెట్టి, పక్క టీబీఎంతో ఎప్పటికప్పుడు సరిచూసుకోండి. స్టాఫ్ ఏ వైపు వాలినా రీడింగ్ పెరుగుతుంది. అంటే నేల ఉన్నదానికన్నా పల్లంగా కనిపించి అనవసరంగా మట్టి పోయిస్తారు. ఛేంజ్ పాయింట్ (పరికరం చోటు మార్చేటప్పుడు స్టాఫ్ నిలిపే చోటు) వదులు గరుసు మీద పెడితే స్టాఫ్ తిప్పేలోగా కుంగుతుంది. వెనక్కి చూసే బ్యాక్‌సైట్, ముందుకు చూసే ఫోర్‌సైట్ దూరాలు సమానంగా ఉంచితే కొలిమేషన్ తప్పు (పరికరం చూపు రేఖ సమంగా లేకపోవడం) దానంతటదే పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పదకొండు దాటాక నేల మీద గాలి అల్లాడి స్టాఫ్ అంకెలు ఈదుతుంటాయి. లెవెల్స్ పొద్దున్నే ముగించాలి, దూరం 40 మీటర్లు దాటనివ్వకూడదు.

సబ్‌గ్రేడ్ లెవెల్‌కు అనుమతించే తేడా పైకి 20, కిందికి 25 మి.మీ. తారు పొరలకు వచ్చేసరికి 6 మి.మీ.యే. కింద వదిలేసిన పల్లాన్ని పైన ఖరీదైన సరుకుతో నింపాలి. ఏడు మీటర్ల వెడల్పు, వంద మీటర్ల పొడవులో 10 మి.మీ. తక్కువ పడితే 7 ఘనపు మీటర్ల డీబీఎం (కింది తారు పొర మిక్స్) అదనం, అంటే దాదాపు 16 టన్నులు.

ఇక మట్టి. మన పాత అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో అసలు పరీక్ష ఇదే. అనంతపురం చుట్టూ ఎర్రనేల, గరుసు దండిగా దొరుకుతాయి. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి. ఫ్రీ స్వెల్ ఇండెక్స్ (నీళ్లలో మట్టి ఉబ్బే శాతం) 50 శాతం దాటిన మట్టి రోడ్డు కట్టకు పనికిరాదని కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్లు చెబుతాయి. పరీక్ష సులువే. 425 మైక్రాన్ జల్లెడ దాటిన పొడి మట్టి పది గ్రాముల చొప్పున రెండు గాజు సిలిండర్లలో వేసి, ఒకదాంట్లో కిరోసిన్, ఇంకోదాంట్లో నీళ్లు పోసి 24 గంటలు వదిలేయాలి. కిరోసిన్‌లో 12, నీళ్లలో 19 మి.లీ. వచ్చిందంటే 58 శాతం, ఆ మట్టి వద్దు. బారో ఏరియాలో (మట్టి తవ్వి తెచ్చే చోటు) పై రెండడుగులు ఎర్రగా ఉండి కింద నల్లరేగడి తగలడం మామూలే. నమూనా పైపైన తీస్తే రిపోర్టు బాగుంటుంది, రోడ్డు బాగుండదు.

ల్యాబులో మట్టిని దట్టించి చూసే ప్రాక్టర్ పరీక్షలో వచ్చిన గరిష్ఠ పొడి సాంద్రతలో కట్టకు 95, పై అర మీటరు సబ్‌గ్రేడ్‌కు 97 శాతం రావాలి. కొలిచేది ఇసుక పద్ధతి: గుంత తీసి, సాంద్రత తెలిసిన ఇసుకతో నింపి, గుంత పరిమాణం కనుక్కోవడం. చిన్న ఇసుక సిలిండర్‌తో 100 మి.మీ. వ్యాసం, 150 మి.మీ. లోతు గుంత తీస్తాం. గుంతలోంచి తీసిన మట్టి 2,540 గ్రాములు, సిలిండర్ కింది కోన్‌లో పట్టింది పోగా గుంత నింపిన ఇసుక 1,700 గ్రాములు, ఇసుక సాంద్రత 1.45 అనుకుంటే గుంత పరిమాణం 1,172 ఘ.సెం.మీ. తడి సాంద్రత 2.166. తేమ 8 శాతమైతే పొడి సాంద్రత 2.006. ప్రాక్టర్‌లో గరిష్ఠం 2.05 వచ్చిన మట్టికి ఇది 97.9 శాతం, పాస్. అదే గుంతలో తేమ నిజానికి 10 శాతమైతే 96.1, ఫెయిల్. తేమ దగ్గర రెండు శాతం పొరపాటు పడితే పాస్, ఫెయిల్ తారుమారైపోతాయి.

ఆ పొరపాటు ఎక్కడ జరుగుతుందో కూడా చెప్పాలి. సైట్‌లో ఓవెన్ ఉండదు, కార్బైడ్ పొడి వేసి ఊపే ర్యాపిడ్ మాయిశ్చర్ మీటర్ ఉంటుంది. అది చూపేది తడి బరువు మీద శాతం. మనకు కావలసింది పొడి బరువు మీద. డయల్ 8 చూపితే 8ని 92తో భాగించాలి, 8.7 వస్తుంది. పై ఉదాహరణలో 97.9 కాస్తా 97.2కి దిగుతుంది. పాతికేళ్లుగా పనిచేస్తున్న ల్యాబ్ టెక్నీషియన్లలో కూడా దీన్ని వదిలేసేవాళ్లున్నారు.

ఇసుక పోస్తుండగా పక్కన వైబ్రేటరీ రోలర్ తిరిగితే ఇసుక కుదురుకొని గుంతలో ఎక్కువ పడుతుంది, సాంద్రత తక్కువ చూపుతుంది. రోలర్‌ను ఆపించండి. ఇసుక చెమ్మగా ఉంటే ఉబ్బి తక్కువ పడుతుంది, సాంద్రత ఎక్కువ చూపుతుంది. ఈ రెండో తప్పును ఎవరూ పట్టించుకోరు, ఫలితం పాస్ అవుతుంది కాబట్టి. 103 శాతం వచ్చిందని సంబరపడకండి. చాలాసార్లు దానర్థం మట్టి మారిందని, ప్రాక్టర్ వేరే బారో ఏరియాదని. మళ్లీ ప్రాక్టర్ చేయాలి.

కంకర పొరలను త్వరగా దాటేస్తాను. కింది కంకర పొర జీఎస్‌బీ, దాని మీద నీళ్లతో కలిపి పరిచే వెట్ మిక్స్, రెండింటికీ 98 శాతం సాంద్రత. వేసవిలో ప్లాంటు నుంచి సైట్‌కు చేరేలోగా వెట్ మిక్స్ నీరు ఆవిరైపోతుంది. ఎండిన మిక్స్‌ను పేవర్ పరిస్తే పెద్ద కంకర ఒకచోట, డస్టు ఒకచోట విడిపోతాయి. దాని మీద నీళ్లు చల్లి తొక్కిస్తే పైన నున్నగా, లోపల గుల్లగా ఉంటుంది. ప్లాంటులోనే నీరు సరిచేసి, టిప్పర్ల మీద పట్టాలు కప్పించడమే దారి.

తారు పనిలో ట్రైనీకి మొదట ఇచ్చేది థర్మామీటర్. చిన్న పనిలే అనుకోవద్దు. వీజీ-40 రకం బిటుమిన్‌తో (తారు) కలిపిన మిక్స్ ప్లాంటు నుంచి 160–170 డిగ్రీల్లో బయలుదేరాలి, పరిచేటప్పుడు 150కి తగ్గకూడదు, రోలింగ్ 100 లోపలికి జారకముందే ముగియాలి. వీజీ-30కి ఇవే వరుసగా 150–165, 140, 90. టిప్పర్ పైపొర వేడి చూసి రాసేయకండి, ముల్లు లోపలికి గుచ్చి రెండు మూడుచోట్ల చూడాలి. నీలం పొగ వస్తుంటే మిక్స్ మాడింది, అసలు ఆవిరే లేక కుప్ప బిర్రుగా నిలబడితే చల్లారింది. గాలి వేగం నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులో గంటకు 40 కి.మీ. దాటితే పరచకూడదని నిబంధన. రామగిరి, ఉరవకొండ వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు, ఆషాఢ గాలిలో అక్కడ ఇది నిజమైన సమస్య.

టాక్ కోట్, అంటే కొత్త పొర కిందిదానికి అతుక్కునేలా చల్లే పలచటి ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు), పాత తారు మీద చదరపు మీటరుకు 0.20–0.30 కిలోలు. దీన్ని ట్రేలతో చూస్తారు. 300 మి.మీ. చదరపు ట్రే అయితే 0.09 చ.మీ., 0.25 రేటుకు 22.5 గ్రాములు పడాలి. ట్రేలు అడ్డంగా మూడుచోట్ల పెడితే ఏ నాజిల్ మూసుకుపోయిందో తెలుస్తుంది. ఎమల్షన్ గోధుమ రంగు నుంచి నలుపుకు మారాకే మిక్స్ పడాలి. తొందరపడి ముందే వేస్తే పొర కిందిదాన్ని పట్టుకోదు, బ్రేకులు వేసేచోట జారిపోతుంది.

ఇంకో లెక్క జేబులో ఉంచుకోండి. వెడల్పు 7 మీటర్లు, మందం 50 మి.మీ., పొడవు 100 మీటర్లు, సాంద్రత 2.35: మొత్తం 82 టన్నులు. టిప్పర్ల వేబిల్లుల (తూకం చీటీల) మొత్తం దీనికి చాలా తక్కువైతే మందం తగ్గిందన్నమాట, ఎక్కువైతే కింద లెవెల్ పల్లంగా ఉందన్నమాట. కోర్ (రోడ్డులోంచి కోసే గుండ్రటి నమూనా) తీసేదాకా ఆగకుండా అదే పూట కనిపెట్టే మార్గం ఇది.

కాగితాల పని విసుగు, కానీ అదే ఉద్యోగం నిలబెడుతుంది. పొర సిద్ధమయ్యాక కాంట్రాక్టర్ తనిఖీ కోరుతూ ఆర్ఎఫ్ఐ పెడతాడు, దానికి లెవెల్ షీటు, సాంద్రత ఫలితాలు జతచేస్తాడు. ఈపీసీ పనుల్లో (డిజైన్ నుంచి నిర్మాణం దాకా కాంట్రాక్టరే చేసేవి) అథారిటీస్ ఇంజనీరు, హ్యామ్ పనుల్లో (ఖర్చులో కొంత పని సాగుతుండగా, మిగతాది తరవాతి ఏళ్లలో ప్రభుత్వం ఇచ్చేవి) ఇండిపెండెంట్ ఇంజనీరు తరఫు మనుషులు చూసి సంతకం పెడతారు. ఈపీసీలో డబ్బు ఒప్పందంలోని షెడ్యూల్-హెచ్ శాతాల మీద, అంటే ఏ పని దశకు మొత్తం ధరలో ఎంతో దాని ప్రకారం, వస్తుంది. ఆర్ అండ్ బీ పనుల్లో ఎం-బుక్ (కొలతల పుస్తకం) లెక్కల మీద వస్తుంది. రెండూ చూసే అవకాశం వస్తే వదలకండి.

చేరేముందు అడగాల్సినవి అడగండి. నాట్స్ అయితే మీ శిక్షణ ఒప్పందం దాని పోర్టల్‌లో నమోదైందా, లేదా? నోటిమాట మీద చేరితే ఏడాది తిరిగాక సర్టిఫికెట్ రాదు. ప్రమాద బీమా ఉందా? క్యాంపు ఎక్కడ? ఆడపిల్లలకు విడి గది, సైట్‌లో మరుగుదొడ్డి ఉన్నాయా? లేవంటే వాళ్లకు ల్యాబ్, ప్లానింగ్ పనులు అంటగట్టడం పరిష్కారం కాదు, వసతి పెట్టమనే అడగాలి. స్టోర్‌లో హాజరు పుస్తకానికో, డైవర్షన్ దగ్గర జెండాకో నెలల తరబడి పరిమితం చేస్తే కాలేజీ కోఆర్డినేటర్‌కు రాతపూర్వకంగా చెప్పండి.

భద్రత గురించి రెండే మాటలు. వెనక్కి వచ్చే టిప్పర్ డ్రైవర్‌కు మీరు కనపడరు, మీ చేతిలో స్టాఫ్ ఉన్నా సరే. వేడి తారు చర్మం మీద పడితే చల్లటి నీళ్లు పోస్తూ ఉండండి, అతుక్కున్న తారును మాత్రం పీకకండి, చర్మం ఊడొస్తుంది. ఆసుపత్రిలోనే తీయించాలి.

రోజూ డైరీ రాయండి: చైనేజీ, పొర, యంత్రాలు, ఫలితాలు, ఫెయిలైనవి కూడా. వారానికోసారి సైట్ ఇంజనీరుతో సంతకం చేయించుకోండి. ఏడాది చివర ఒకేసారి చేయిద్దామంటే, అప్పటికి ఆయన వేరే ప్యాకేజీకి మారిపోయి ఉంటాడు, క్యాంపే లేచిపోయి ఉండొచ్చు.