అట్లాంటాలో ఆగిపోయిన మా పెరటి కరివేపాకు

2024 మేలో మా అమ్మాయి పురిటికని అట్లాంటా వెళ్లాం. నాకూ మావారికీ అదే మొదటి విదేశీ ప్రయాణం. వీసా వచ్చిన సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు. గుంటూరులో మా ఇంటికొచ్చినవాళ్లంతా తలోమాటా చెప్పారు. "తిండి ఏమైనా ఉందా అని అడిగితే లేదనండి, వదిలేస్తారు" అని ఒకరు, "పదివేల డాలర్లు దాటితే లాగేసుకుంటారు" అని ఇంకొకరు. ఒకటే టెన్షన్.

మావారు ఆరు లక్షలకు డాలర్ నోట్లు తీసుకుందామన్నారు. మనిషికి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే నోట్లు ఇస్తారని, మిగతాది ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే వేసుకుని అక్కడ వాడుకునే కార్డు) వేయించుకోవాలని మనీ ఛేంజర్ దగ్గర తెలిసింది. చెరో వెయ్యి డాలర్లు నోట్లుగా తీసుకుని మిగతాది కార్డులో వేయించాం. రసీదు పాస్‌పోర్టులో పెట్టుకున్నాం.

పదివేల మాట సగమే నిజం. అమెరికాలోకి డబ్బు ఎంతైనా తీసుకెళ్లవచ్చు. 10,000 డాలర్లు దాటితే కస్టమ్స్‌కు చెప్పి ఫారం నింపాలి, అంతే. చెప్పకుండా దాచినప్పుడే జప్తు దాకా వస్తుంది. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఒకే కుటుంబంగా వెళ్తే అందరి దగ్గరున్నదీ కలిపే లెక్క. భార్యాభర్తలు చెరిసగం పంచుకున్నంత మాత్రాన ఆ ఫారం తప్పదు.

ఇక సామాను. అల్లుడికిష్టమని చికెన్ పచ్చడి పెట్టాలనుకున్నాను. మాంసంతో చేసినవేవీ కుదరవని అమ్మాయి ఫోన్లో ఖచ్చితంగా చెప్పింది. మన బియ్యం కూడా వద్దంది. ధాన్యాన్ని తినేసే ఒక పురుగు వస్తుందని భయమట. అందుకని ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, బాలింతకు కావలసిన కాయం, శొంఠిపొడి సర్దాను. ప్రతి పొట్లం మీదా పేరు ఇంగ్లీషులో రాశాం. మొత్తం జాబితా అమ్మాయి పంపితే ప్రింటు తీయించాం. ఆ కాగితం నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

బయల్దేరే రోజు పొద్దున్నే మా తోటికోడలు పెరట్లో కోసిన కరివేపాకు కవరులో చుట్టి నా చేతిసంచిలో పెట్టింది. ఆ హడావిడిలో నేనది మరిచేపోయాను.

అట్లాంటాలో దిగి, పాస్‌పోర్టులు చూపించి, పెట్టెలు తీసుకుని వస్తుంటే సామాను వాసన చూసే ఒక చిన్న కుక్క నా సంచి పక్కన వచ్చి కూర్చుంది. కరివేపాకు అప్పుడు గుర్తొచ్చింది. గుండె ఝల్లుమంది. మావారు నెమ్మదిగా "ఏమీ లేవని చెబుదామా?" అన్నారు. "వద్దండీ, ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దాం" అన్నాను. అధికారి "ఫుడ్?" అని అడగగానే "యెస్" అని కాగితం చేతికిచ్చాను. కవరు కూడా నేనే తీసి ముందు పెట్టాను.

ఆమె జాబితా చదివింది. పెట్టెలు స్కాన్ చేశారు. పచ్చళ్లు, పొడులు, కాయం అన్నీ వెనక్కి ఇచ్చేశారు. కరివేపాకు ఒక్కటే తీసుకుని పారేశారు. జరిమానా లేదు, కేసు లేదు. దాచిపెట్టి దొరికితే మొదటిసారికే వెయ్యి డాలర్ల వరకు వేయవచ్చని తర్వాత మా అల్లుడు చెప్పాడు. ముందే చెబితే వస్తువు పోతుంది, మనం బయటపడతాం.

గుప్పెడు ఆకుకు ఇంత పట్టింపేమిటని మొదట నాకు కష్టంగానే అనిపించింది. కారణం తెలిశాక ఆ బాధ పోయింది. కరివేపాకుది నిమ్మ, నారింజల కుటుంబమే. ఆ ఆకు మీద బతికే ఒక చిన్న పురుగు నారింజ చెట్లకు తెగులు అంటిస్తుంది. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు బయటపడ్డాక అక్కడి తోటలు ఎన్నో దెబ్బతిన్నాయి. మాదీ వ్యవసాయ కుటుంబమే. తోట పోతే రైతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

బంగారం సంగతి కూడా చెప్పాలి. బారసాలకని మా అత్తగారి హారం పట్టుకెళ్లాను. వెళ్లేటప్పుడే శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లకు నగ చూపించి, అది ఇక్కడి నుంచే తీసుకెళ్తున్నామనడానికి రుజువుగా ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకున్నాం. ముందు రోజు తూకం వేయించి, ఫొటోలు తీసి ఉంచుకోవడం మంచిదైంది. దానికి సమయం పడుతుంది కాబట్టి గంట ముందే వెళ్లండి.

అయిదు నెలల తర్వాత తిరిగొస్తుంటే శంషాబాద్‌లో ఆపి, మెడలో హారం ఎక్కడిదని అడిగారు. సర్టిఫికెట్ ఇచ్చాను. అధికారి ఫొటోతో సరిచూసి, "ఇది జాగ్రత్తగా పెట్టుకోండమ్మా" అని కాగితం తిరిగిచ్చారు. బయట మా తోటికోడలు నిలబడి ఉంది. "కరివేపాకు బాగుందా అక్కా?" అని అడిగింది.