వాన వెలిశాక కొండదారి వెంట

నిన్న రాత్రంతా వాన కురిసింది. తెల్లవారగానే పార భుజాన వేసుకుని మా కొండదారి వెంట పై నుంచి కిందికి నడిచాను. 900 అడుగుల దారి, మూడు మలుపులు, నీళ్ళు దారి దాటడానికి ఆరు చోట్లు. మూడో మలుపు దగ్గర తూము మూతి ముందు నిలబడి, ఎర్రటి నీళ్ళు గడగడా లోపలికి పోతుంటే చాలాసేపు చూశాను. మూడేళ్ళ కిందట ఇలాంటి వానకే సరిగ్గా ఇక్కడ దారిలో సగం వెడల్పు లోయలోకి జారిపోయింది.

అప్పట్లో నాకు దారి అంటే కంకర. ఎంత ఎక్కువ పోస్తే అంత గట్టి దారి అని నమ్మాను. యంత్రం నడిపినాయన కొండను సగం చెక్కి, తవ్విన మట్టిని లోయ అంచుకు నెట్టి, ఆ వదులు మట్టి మీదే దారిలో మిగతా సగం నిలబెట్టాడు. అందులో చెట్ల మొదళ్ళూ కొమ్మలూ కలిసిపోయాయి. అలాంటి మట్టి ఎంత రోలరు తిప్పినా గట్టిపడదు; లోపలి కట్టె కుళ్ళేకొద్దీ బొరియలు పడతాయి. పైన కంకర పరిచాక మాత్రం ఎంతో ముచ్చటగా కనిపించింది. మలుపు కింద అడుగు వెడల్పు పైపు ఒకటి వేయించాను. మొదటి పెద్దవానకే ఆకులూ పుల్లలూ దాని మూతిని మూసేశాయి. నీళ్ళు వెనక నిలిచి, దారి మీదకు పొర్లి, ఆ నెట్టుడు మట్టిని తడిపి ముద్ద చేసి తీసుకుపోయాయి. పొద్దున నేను వెళ్ళేసరికి పైపు గాలిలో వేలాడుతోంది.

రెండోసారి యంత్రాన్ని పిలిచే ముందు ఒక వానాకాలం మొత్తం ఊరికే నడిచాను. కొండ మీది నుంచి నీళ్ళు దిగే ప్రతిచోటా ఎర్రగుడ్డ కట్టిన కర్ర, వాటిని బయటికి వదలడానికి అనువైన రాతినేల ఉన్నచోట తెల్లగుడ్డ కట్టిన కర్ర పాతాను. రెండో మలుపు దగ్గర ఎండకాసినా నేల చెమ్మగానే ఉండేది. లోపల ఊట ఉంది. దాన్ని తప్పించడానికి దారిని 40 అడుగులు పైకి జరిపాను. ఈ తిరుగుడుకు పట్టిన సమయమే నేను పెట్టిన అన్ని ఖర్చుల్లోకీ విలువైనదని ఇప్పటికీ అనుకుంటాను.

వాలు కొలవడానికి రెండు గుంజలు, నీళ్ళు నింపిన పారదర్శక గొట్టం చాలు. పదడుగులు నడిస్తే అడుగు ఎత్తు పెరిగితే అది 10 శాతం. పాత దారిలో ఒకచోట 18 శాతం ఉండేది. 15 శాతం దాటితే కంకర నిలవదు, చక్రాలు దాన్ని వెనక్కి తన్నేస్తాయి. ఇప్పుడు ఎక్కడా 12 దాటనివ్వలేదు. మలుపుల్లో ఇంకా తగ్గించాను. నిట్రంగా ఉన్నచోట దారి మొత్తాన్నీ కొండలోకే చెక్కించి, తవ్విన మట్టిని బండ్లలో ఎత్తించి చదునునేలకు తరలించాను. ఖర్చు బాగా పెరిగింది. అయినా వేరే మార్గం లేదు.

1816లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ రహదారుల సర్వేయరైన జాన్ లౌడన్ మెక్ఆడమ్ వాదన నాకు అప్పుడు సరిగ్గా అర్థమైంది. బరువు మోసేది అడుగున ఉన్న సొంత నేల, దాన్ని పొడిగా ఉంచితే ఎంత బరువైనా మోస్తుందని ఆయన చెప్పాడు. ఒక్కో రాయి సుమారు 170 గ్రాములు మించకూడదనీ, పగలగొట్టిన రాళ్ళ కోణాలే ఒకదాన్నొకటి పట్టుకుంటాయనీ ఆయన పట్టుబట్టాడు. నేను మొదటిసారి కొన్నది నున్నటి ఏటిరాయి. అది గోళీల్లా దొర్లేది. ఈసారి పైమట్టి తీసేసి, బంకనేల మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచాను. రాయి బురదలోకి దిగకుండా, బురద రాళ్ళలోకి ఎక్కకుండా అది ఆపుతుంది. దాని మీద మొదట పెద్దరాయి, పైన పొడి కలిసిన సన్నకంకర. ఆ పొడి లేకపోతే పైపొర కుదురుకోదు. పైపొర ఒక్కటే అర అడుగు మందం, 12 అడుగుల వెడల్పు లెక్కన 5,400 ఘనపుటడుగులు. రోలరు కింద అణిగిపోయేదానికి ఇంకో నాలుగో వంతు కలుపుకోవాలి. దారి నడిమిని అంచులకంటే 3 అంగుళాలు ఎత్తు ఉంచాను.

ఆరు చోట్లన్నాను కదా, ఐదు చోట్ల తూములు లేవు. దారికి అడ్డంగా, కాస్త ఏటవాలుగా వెడల్పాటి పల్లం, దాని దిగువన మెల్లగా లేచే గట్టు, అంతే. బండి అల దాటినట్టు దాటుతుంది, నీళ్ళు పక్కకు మళ్ళుతాయి. మూసుకుపోవడానికి అందులో ఏమీ లేదు కనుక నాకు పైపుకంటే పల్లమే ఇష్టం. ఎంత దూరానికొకటి అన్నదానికి అటవీ దారులు వేసేవారి లెక్క ఒకటుంది: 400ను వాలు శాతంతో భాగించి 100 కలిపితే వచ్చేది అడుగుల్లో దూరం. 10 శాతానికి 140 అడుగులు.

మూడో మలుపులో మాత్రం వాగుపాయ ఉంది, తూము తప్పలేదు. ఈసారి అడుగున్నర వెడల్పు, 24 అడుగుల పొడవు, ఆ పొడవుకు 7 అంగుళాల వాలు. దిగువకు తిరిగేలా దారికి ఏటవాలుగా వేసి, ఇరుపక్కలా అర అడుగు మందం పొరలు పొరలుగా మట్టి పోసి అణిచాం. పైన అడుగుకు తగ్గకుండా మట్టి. నీళ్ళు పడేచోట పెద్ద బండరాళ్ళు పేర్చాను.

ఇంటికి వచ్చే బండ్లవారిని నెమ్మదిగా రమ్మని చేతులు జోడించి అడుగుతుంటాను. వేగం ఒక హద్దు దాటితే కంకర మీద అలలు లేస్తాయి. స్ప్రింగులు లేని వట్టి చక్రంతోనే ఆ అలలు పుడతాయని 2007లో శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూపించారు. వాటిని అలల అడుగుదాకా గీకి మళ్ళీ అణచాలి, పైపైన కంకర చల్లితే వారంలో తిరిగి వస్తాయి.

ఈ పొద్దున తూము మూతి దగ్గర రెండు చేతుల నిండా ఆకులు తీశాను. నాలుగో పల్లంలో జానెడు ఒండ్రు చేరింది, అది పారతో గట్టుమీదకు ఎత్తాను. కింద బండరాళ్ళలో ఒకటి పక్కకు దొర్లింది. నేల ఆరాక దాన్ని గునపంతో సరిచేయాలి.