ఈ-సిగరెట్ ఆవిరిని పరీక్షించడం: నా అనుభవం

నల్గొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో కొన్నేళ్లు హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద పనిచేశాక ఇంగ్లండ్‌లో ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. ఈ-సిగరెట్ల ఆవిరిలో ఏమేం ఉన్నాయో తేల్చే పని నాకిచ్చారు. మన దేశంలో వీటి తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ 2019లోనే నిషేధించారు. అక్కడ మాత్రం అమ్ముకోవచ్చు, కాకపోతే ముందుగా ఆవిరి పరీక్షల వివరాలు ప్రభుత్వానికి సమర్పించాలి.

సెలవుకి మిర్యాలగూడ వస్తే మా చిన్నమ్మ కొడుకు, "అక్కా, అది ఉత్త నీటి ఆవిరే గదా" అన్నాడు. నాకు చాలా బాధేసింది. తేటగా కనిపించే బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో మర్రిగూడ వైపు ఎంతమంది ఎముకలు వంగిపోయాయో చూసిన జిల్లా మనది, కంటికి కనబడనిది లేనట్టే అనుకుంటే ఎట్లా?

పరీక్షలో మనిషి బదులు యంత్రం పీలుస్తుంది. ఐఎస్ఓ 20768 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక్కో పఫ్ (దమ్ము) 55 మిల్లీలీటర్లు, 3 సెకన్లు, ప్రతి 30 సెకన్లకు ఒకటి. నికోటిన్, గ్లిజరిన్‌లను ఫిల్టర్ ప్యాడ్ మీద పట్టి జీసీలో (పదార్థాలను ఆవిరి రూపంలో విడదీసి కొలిచే యంత్రంలో) చూస్తాం, అది తేలికే. అసలు టెన్షన్ ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, అక్రోలిన్ అనే హానికర రసాయనాలతో. సీసా మీద రాసిన పదార్థాల్లో ఇవి ఉండవు, ద్రవాన్ని కాచే తీగచుట్ట, అంటే కాయిల్, వేడికి అందులోని ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ విరిగిపోయి పుడతాయి. నిలకడగా ఉండవు కాబట్టి వాటిని పట్టి ఉంచే డీఎన్‌పీహెచ్ అనే రసాయనపు ఆమ్ల ద్రావణంతో చర్య జరిపించి, హెచ్‌పీఎల్‌సీలో 360 నానోమీటర్ల దగ్గర చదవాలి.

మొదట్లో బ్లాంక్‌లోనే (ఆవిరి లేకుండా నడిపే పరీక్షలో) ఫార్మాల్డిహైడ్ కనిపించేది. గది గాలిలో ఉన్నదాన్ని కూడా ఆ ద్రావణం పట్టుకుంటుంది మరి! గాలి బ్లాంక్ ప్రతిసారీ పక్కనే నడిపితే తప్ప ఆ అంకె దేనిదో తెలియదు. అక్రోలిన్ ఇంకా మొండిది, ఆ ఆమ్ల ద్రావణంలో వయల్ (చిన్న సీసా) ఆగిన కొద్దీ పీక్ (గ్రాఫ్‌లో దాని శిఖరం) పడిపోతుంది, పిరిడిన్ అనే క్షారం కలిపాక నిలబడింది.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది ఒకే బ్యాచ్‌లోని రెండు పరికరాలు. ఒకదాంట్లో ఫార్మాల్డిహైడ్ మామూలుగా ఉంటే, ఇంకోదాంట్లో ఎన్నో రెట్లు ఎక్కువ. తేడాగా ఉన్న దాన్ని లెక్కలోంచి తీసేయమని పైవాళ్లు అన్నారు, నేను ఒప్పుకోలేదు. పఫ్‌లకు ముందు, తర్వాత తూచిన పరికరాల బరువులు తీసి చూస్తే, అంకె ఎక్కువ వచ్చినదే తక్కువ ద్రవం ఖర్చు చేసింది. అంటే వత్తికి ద్రవం సరిగ్గా అందక కాయిల్ మాడుతోంది. తర్వాత పఫ్‌లను మొదలు, మధ్య, చివర అని విడగొట్టి నడిపితే, ట్యాంకు ఖాళీ అయ్యే కొద్దీ అంకె పెరగడం స్పష్టంగా కనబడింది. అన్నీ కలిపి ఒకే సగటు ఇస్తే ఇదంతా కనబడకుండా పోయేది. పీల్చేవాడు సగటును పీల్చడు కదా, చివరి పఫ్‌లు కూడా వాడి ఊపిరితిత్తుల్లోకే పోతాయి. రిపోర్టులో మూడు భాగాలూ విడివిడిగా పెట్టించేదాకా నేను వదల్లేదు.

కాయిల్ నుంచి వచ్చే నికెల్, క్రోమియం, సీసం కోసం ఐసీపీ-ఎంఎస్ అనే లోహాలు కొలిచే పరీక్ష వేరే ఉంటుంది. ఈ పనిలోకి వచ్చే మా జూనియర్లు ఫోన్ చేస్తే మాత్రం ముందు ఒకటే చెబుతున్నాను: క్రోమటోగ్రామ్ (యంత్రం గీసిన గ్రాఫ్) తెరిచే ముందు బ్లాంక్ చూడండి, బరువుల కాగితం పక్కన పెట్టుకోండి.